పెయింటింగ్ మనసుకి మంచిదన్నారు, నాకు చిరాకే పెరిగింది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నాన్నగారు పోయి ఏడు నెలలైంది. రాత్రిళ్ళు నిద్ర పట్టదు, పగలు ఏ పని మీదా ధ్యాస నిలవదు. తెలిసినవాళ్ళు పెయింటింగ్ వెయ్యమన్నారు. వీడియోలు చూస్తూ రెండు వారాలు సూర్యాస్తమయాలూ సరస్సులూ వేశారు. పేపరు ముడతలు పడింది, రంగులు బురదైపోయాయి, ఒక్కటీ వీడియోలోలా రాలేదు. ప్రశాంతత మాట అటుంచి, ఉన్న టెన్షన్‌కి ఇది తోడైంది. ఆఖరి మూడూ చించేశారు. బొమ్మలు రానివాళ్ళకి ఇది పనిచెయ్యదా, పనిచేస్తే ఎన్నాళ్ళు పడుతుంది, నాన్నగారి బొమ్మ వెయ్యాలని ఉంది, వెయ్యొచ్చా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. బొమ్మలు రానివాళ్ళకీ పనిచేస్తుంది. మీరు ఎంచుకున్న పని మాత్రం తప్పు. రెండు వారాలూ మీరు బొమ్మలు వేశారు. ఇప్పుడు మీకు కావలసింది ఉత్త రంగు పుయ్యడం. ఎన్నాళ్ళు అంటారా, కాసేపు మనసు నిలవడం మొదటి వారంలోనే తెలుస్తుంది. దుఃఖం సర్దుకోవడం వేరే లెక్క, దాని సంగతి కింద చెప్తాను. నాన్నగారి ముఖం ఇప్పుడే వద్దు.

ఇదంతా చెప్పడానికి నేనెవరో కూడా చెప్పాలి కదా. ఇరవై రెండేళ్ళుగా నీటిరంగులు వేస్తున్నాను. పదకొండేళ్ళుగా వారానికి ఒకరోజు పెద్దవాళ్ళకి నేర్పుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగానికి పైగా చిత్రకారులు అవుదామని రారు. ఉద్యోగం పోయో, జబ్బు చేసో, మనిషి పోయో, 'ఏదైనా వ్యాపకం పెట్టుకోండి' అని డాక్టరు చెప్పాకో వస్తారు. నేను డాక్టర్ని కాను, బొమ్మల ద్వారా మనసుకి చికిత్స చేసే ఆర్ట్ థెరపిస్టునీ కాను. ఆర్ట్ థెరపీ వేరే చదువు, దాని శిక్షణ వేరు. నేను చెప్పేది కుంచె పట్టుకున్న మనిషిగా చెప్పేదే.

నిజం చెప్పాలంటే మీరు రాసినదాంట్లో నాకు మొదట కనిపించింది పేపరు. 'ముడతలు పడింది, రెండోసారి కుంచె రాస్తే నూగు లేచింది' అన్నారు. అంటే మీరు వాడింది మామూలు స్కెచ్‌బుక్ కాగితం, బహుశా 100 నుంచి 120 జీఎస్ఎం. (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క.) దాని మీద నా చేత వేయించినా అలాగే వస్తుంది. నీళ్ళు పడగానే పలచటి కాగితం ఉబ్బుతుంది, ఉబ్బినచోట పల్లాలు పడతాయి, రంగంతా పల్లంలోకి చేరి మరకలు కడుతుంది. మీరేమో తప్పు మీ చేతిదనుకున్నారు. 300 జీఎస్ఎం వాటర్‌కలర్ పేపరు తెచ్చుకోండి. కాటన్‌ది అయితే ఇంకా మంచిది. ఖరీదు ఎక్కువే, కాబట్టి ఒక పెద్ద షీటుని ఎనిమిది ముక్కలు చేసుకోండి, నోటుబుక్ పేజీ అంత ముక్క చాలు. రంగులు గొప్పవి కానక్కర్లేదు, కుంచె కూడా. మూడింటిలో ఒక్కదాని మీదే డబ్బు పెట్టగలిగితే పేపరు మీద పెట్టండి. 'నాకు కళ అబ్బదు' అని మానేసినవాళ్ళలో చాలామందిని మానిపించింది పేపరేనని నా గట్టి నమ్మకం.

ఇక చెయ్యాల్సిన పని. దీన్ని వాష్ అంటాం.

పేపరు ముక్కని నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో ఒక చెక్కకి అంటించండి. చెక్క పై అంచు కింద ఒక పుస్తకం పెట్టి కాస్త వాలుగా చెయ్యండి. ఒకే ఒక్క రంగు, అల్ట్రామెరీన్ బ్లూ అనుకుందాం, చిన్న గిన్నెలో నీళ్ళతో కలుపుకోండి. అవసరం అనుకున్నదానికి రెట్టింపు కలపండి, మధ్యలో అయిపోతే మొత్తం పాడు. అంగుళం వెడల్పు ఫ్లాట్ కుంచె గానీ 12వ నంబరు రౌండ్ గానీ తీసుకుని, నిండా ముంచి, పైన ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క గీత. గీత కింది అంచున నీళ్ళు సన్నటి గట్టులా నిలబడతాయి. మళ్ళీ ముంచి, ఆ నీటిగట్టుని తాకుతూ రెండో గీత. తర్వాత మూడోది. అలా కిందిదాకా. వెనక్కి వెళ్ళి దిద్దకూడదు. కిందికి వచ్చాక కుంచెని పిండి, మిగిలిన నీటిగట్టుని దానితో పీల్చెయ్యండి. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆరేదాకా చూడండి.

ఆ ఆఖరి మాటని చాలామంది వదిలేస్తారు. ఆరడానికి, గాలిని బట్టి, పది పదిహేను నిమిషాలు పడుతుంది. మొదట పేపరంతా మెరుస్తుంది. తర్వాత మెరుపు అక్కడక్కడా చచ్చి, మచ్చలు మచ్చలుగా తగ్గుతుంది. అల్ట్రామెరీన్ రేణువులు పేపరు గరుకులోకి దిగి, ఆరాక సన్నటి ఇసక చల్లినట్టు కనిపిస్తాయి. తడిగా ఉన్నప్పుడు చూసిన నీలం ఆరేసరికి ఒక వాసి లేతబడుతుంది. ఈ పదిహేను నిమిషాల్లో మీరు చెయ్యగలిగింది ఏమీ లేదు, చెయ్యబోతే పాడవుతుంది. 'ఇప్పుడు చెయ్యాల్సింది ఏమీ లేదు, ఊరుకో' అని ఎవరు చెప్పినా వినని మనసు, తడి పేపరు చెప్తే వింటుంది. ఎందుకో నాకూ పూర్తిగా తెలియదు గానీ, వినడం మాత్రం చాలాసార్లు చూశాను.

మొదటి వారం రోజుకి ఒకటి. రెండో వారం అదే వాష్, కానీ ఒక్కో గీతకి గిన్నెలో కొంచెం కొంచెం నీళ్ళు కలుపుతూ, పైన ముదురు నుంచి కింద తెలుపులోకి. మూడో వారం రెండు రంగులు, పై నుంచి ఒకటి, కింది నుంచి ఒకటి, నడుమ తడిలో కలిసిపోయేలా. అది సూర్యాస్తమయంలా కనిపిస్తే కనిపించనివ్వండి. అక్కడ చెట్టో పడవో పెట్టకండి. పెట్టాలనిపిస్తుంది. అందరికీ అనిపిస్తుంది.

ఇదెందుకు పనిచేస్తుంది అంటే, కొంత శరీరం సంగతి. కుంచె తెగకుండా ఆ చివరిదాకా పోవాలంటే చెయ్యి భుజం దగ్గర్నుంచి కదలాలి. తొందరపడితే తెల్ల చారలు పడతాయి, ఆగితే మరక పడుతుంది. నీళ్ళు ఒప్పుకునే వేగం ఒక్కటే. నేర్పేటప్పుడు గమనించాను, నాలుగైదు గీతలయ్యేసరికి మనుషులు గీత పొడవునా ఊపిరి వదలడం మొదలుపెడతారు. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. రెండో సంగతి, వాష్‌లో తప్పొప్పులు చూడ్డానికి పెద్దగా ఏమీ దొరకదు. సరస్సు వేస్తే అది సరస్సులా ఉందా లేదా అని బుర్ర నిమిషానికోసారి పరీక్ష పెడుతుంది. నీలం నీలంలా ఉందా అని అడిగే బుర్రని నేనింకా చూడలేదు.

పరిశోధనలు ఏమైనా ఉన్నాయా అని క్లాసులో అడుగుతుంటారు. ఉన్నాయి. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీలో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దవాళ్ళ చేత 45 నిమిషాలపాటు మార్కర్లు, మట్టి, కోలాజ్, వీటిలో నచ్చినదానితో పని చేయించింది. ముందూ తర్వాతా లాలాజలంలో కార్టిసాల్ కొలిచారు, ఒత్తిడిలో ఒంట్లో పెరిగే హార్మోను అది. దాదాపు 75 శాతం మందిలో తగ్గింది. అంతకుముందు బొమ్మలు వేసిన అనుభవానికీ ఈ తగ్గుదలకీ సంబంధం కనపడలేదు. మీ మొదటి ప్రశ్నకి ఇంతకన్నా నేరుగా జవాబు నాకు తెలియదు. అయితే అదే లెక్కని తిప్పి చూడండి, నలుగురిలో ఒకరికి తగ్గలేదు. కాబట్టి పెయింటింగ్‌ని మందు చీటీలా రాసిచ్చేవాళ్ళ మాట కొంచెం తగ్గించి వినండి.

నాకు ఇంకా ఎక్కువ పనికొచ్చింది 2005లో కర్రీ, కాసర్ అనే ఇద్దరు చేసిన చిన్న ప్రయోగం. 84 మంది కాలేజీ విద్యార్థులకి ముందు కాస్త ఆందోళన కలిగించి, తర్వాత కొందరికి మండల (గుండ్రటి) డిజైను, కొందరికి గళ్ళ డిజైను, మిగిలినవాళ్ళకి తెల్లకాగితం ఇచ్చి రంగులు వెయ్యమన్నారు. డిజైను ఉన్నవాళ్ళలో ఆందోళన తగ్గింది. తెల్లకాగితం ఇచ్చి మీ ఇష్టం అన్నవాళ్ళలో అలా తగ్గలేదు. అది చదివేదాకా 'మీకు తోచింది వెయ్యండి' అని చెప్తే స్వేచ్ఛ ఇచ్చినట్టే అనుకునేవాణ్ణి. అలిసిపోయి వచ్చిన మనిషికి అది ఇంకో పరీక్ష పేపరు.

తెల్లకాగితం భయం చిన్నదేం కాదు. 1915లో టర్కీ మీద చేసిన డార్డనెల్స్ దండయాత్ర చెడి, నౌకాదళ మంత్రి పదవి పోయాక బ్రిటిష్ నాయకుడు చర్చిల్ మొదటిసారి కుంచె పట్టాడు. అప్పటికి ఆయనకి నలభై ఏళ్ళు. (ఆయన రాజకీయాల గురించి మనకి వేరే అభిప్రాయాలు ఉన్నాయి, ఉండాల్సిందే. ఇక్కడ మాట్లాడేది కాన్వాసు ముందు భయపడ్డ మనిషి గురించి.) చిక్కుడు గింజంత నీలం చుక్క పెట్టి అక్కడే ఆగిపోయాడు. అంతలో కారు దిగి వచ్చిన హేజెల్ లేవరీ, చిత్రకారుడు జాన్ లేవరీ భార్య, పెద్ద కుంచె అందుకుని కాన్వాసు మీద ఎడాపెడా నీలం పులిమేసింది. దాంతో భయం వదిలిందని ఆయనే తర్వాత రాసుకున్నాడు. ముసలితనం దాకా వేస్తూనే ఉన్నాడు, 500 పైచిలుకు చిత్రాలు. మీరు వేసే వాష్ చేసేది ఆ పులమడమే. ముందు తెలుపుని చంపేస్తుంది.

ఇక నా సంగతి. మా తమ్ముడు పోయినప్పుడు నాకు నలభై ఒకటి. అప్పటికి పదేళ్ళుగా వేస్తున్నవాణ్ణి, ఒకటి రెండు ఎగ్జిబిషన్లు కూడా పెట్టినవాణ్ణి, నాలుగు నెలలు కుంచె ముట్టుకోలేదు. 'నీకేం, బొమ్మలు వేసుకుంటే తేలికపడతావు' అన్నవాళ్ళ మీద కోపం వచ్చేది. ఒకరోజు పాలెట్ కడుగుదామని సింకులో పెట్టాను. ఎండిపోయిన అల్ట్రామెరీన్, పక్కన బర్న్ట్ సియెన్నా. నీళ్ళు తగలగానే రెండూ కారి, కలిసి బూడిదరంగు అయ్యాయి. ఇందులో వింతేం లేదు. ఒకటి నీలం, ఇంకోటి కాషాయం వైపు మొగ్గిన గోధుమరంగు, రెండూ ఎదురెదురు రంగులు, కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. నేర్చుకునేవాళ్ళకి మొదటి నెలలో చెప్పే పాఠం. కానీ ఆ రోజు కడగడం ఆపి, ఆ బూడిదరంగుని ఒక పేపరు మీద పట్టీలా రాశాను. మర్నాడు ఇంకో పట్టీ. నీలం ఎక్కువైతే వాన ముందరి ఆకాశం, గోధుమ ఎక్కువైతే తడిసిన మట్టి. రెండూ సరిసమానంగా తూగితే ఏ పేరూ పెట్టలేని రంగు ఒకటి వస్తుంది. రోజూ దాన్ని పట్టుకోవాలని చూసేవాణ్ణి. అలా నలభై మూడు పేపర్లయ్యాయి. అందులో ఒక్కటీ బొమ్మ కాదు, ఎవరికీ చూపించలేదు.

ఆగిపోవడానికి కూడా గొప్ప కారణం ఏమీ లేదు, బర్న్ట్ సియెన్నా ట్యూబు అయిపోయింది. కొత్తది తెచ్చుకుందామని బయల్దేరాను. సగం దూరం వెళ్ళాక తట్టింది, ఇన్ని నెలల్లో నా కోసం నేను ఒక పని మీద గడప దాటడం అదే మొదటిసారని. నయం కావడం అంటే నాకు తెలిసింది అంతే. తమ్ముడు లేని బాధ ఇవాళ్టికీ ఉంది.

అందుకే ప్రశాంతతనీ నయం కావడాన్నీ కలిపెయ్యొద్దు అంటాను. ప్రశాంతత ఆ పూటది. కుంచె కడిగాక గంటో రెండు గంటలో ఉండి పోతుంది, స్నానం చేసిన హాయిలాగ. పోయిందని బెంగపడక్కర్లేదు, రేపు మళ్ళీ కూర్చుంటారు. రెండోది మీరు చూస్తుండగా జరగదు. దానికి గడువు చెప్పలేను, చెప్పేవాళ్ళని నమ్మను. కొన్ని గుర్తులు మాత్రం చెప్పగలను. వేస్తూ ఉండగా నాన్నగారు గుర్తొస్తారు, కుంచె ఆగదు. రోడ్డు మీద వెళ్తూ ఒక గోడ చూసి 'ఈ రంగు ఎలా కలపాలి' అనుకుంటారు. ఎవరితోనో మాట్లాడుతూ పేపరు గురించి ఫిర్యాదు చేస్తారు. చిన్న చిన్న విషయాల మీద ఆసక్తి తిరిగి రావడం అన్నమాట. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో నేను కనిపెట్టుకుని ఉండేది ఆ ఫిర్యాదు కోసమే.

ఏడుపు వస్తే రానివ్వండి. ఆరీ ఆరని వాష్ మీద నీటిబొట్టు పడితే రంగుని పక్కకి నెట్టి, గోబీ పువ్వు లాంటి అంచులున్న మచ్చ చేస్తుంది. కన్నీటిబొట్టైనా అంతే. చాలామంది దాన్ని దిద్దబోయి ఇంకా పాడుచేస్తారు, వదిలెయ్యండి.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. నేర్పడం మొదలుపెట్టిన రెండో ఏడు, ఎక్కడో చదివి, 'మిమ్మల్ని బాధపెడుతున్నదేదో దాన్నే వెయ్యండి' అని క్లాసులో చెప్పాను. అందరూ వేశారు. ఒకామె గంటసేపు నల్లరంగుతో ఒకేచోట రుద్దింది, పేపరు చిరిగింది, చెయ్యి ఆగలేదు, తర్వాత వణకడం మొదలైంది. ఏం చెయ్యాలో నాకు తోచలేదు. ఇంటికి ఫోన్ చేసి మనిషిని పిలిపించాం. ఆమె మళ్ళీ రాలేదు. గాయానికున్న కట్టు ఎవరైనా విప్పగలరు, తిరిగి కట్టడం వచ్చినవాళ్ళే విప్పాలి. ఆర్ట్ థెరపిస్టులు చదువుకునేది ఆ కట్టడం గురించి. మీరు ఒంటరిగా, అర్ధరాత్రి, నిద్రలేని కళ్ళతో మీ బాధని రంగుల్లో పెడదామని కూర్చోకండి. నీలం వాష్ వేసుకోండి చాలు.

ఆర్ట్ థెరపీ అన్న పేరు ఎలా వచ్చిందో తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఏడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు 1938లో క్షయ వచ్చి శానిటోరియంలో చేరాడు. పక్క మీద నుంచి లేవకూడని రోజుల్లో చేతికందే దూరంలో ఉన్న వస్తువుల్నే గీసుకున్నాడు, తర్వాత తోటి రోగులకి నేర్పాడు. 1942లో ఆ మాట వాడింది ఆయనే. అంటే అది వైద్యం జరుగుతున్న మంచం పక్కనే పుట్టింది, వైద్యాన్ని మానిపించి కాదు. చిత్రకారుడు వాన్ గో సంగతి అందరూ చెప్తారు గానీ సగమే చెప్తారు. 1889 మే నెలలో ఫ్రాన్సులో సెయింట్ రెమీలోని మానసిక చికిత్సాలయంలో తనంతట తానే చేరి, ఏడాదిలో దాదాపు 150 చిత్రాలు వేశాడు, 'స్టారీ నైట్' అక్కడిదే. పని ఆయన్ని నిలబెట్టిందన్నది నిజం. 1890 జులైలో పోయాడన్నదీ నిజం. బొమ్మలే సరిపోయేట్టయితే ఆయనకి సరిపోవాలి.

కాబట్టి ఏడు నెలలుగా నిద్ర లేకపోవడం డాక్టరుకి చెప్పాల్సిన విషయం, పెయింటింగ్ పనిచేసినా చెయ్యకపోయినా. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, తిండి సహించకపోయినా, ఇవాళే వెళ్ళండి, ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళండి. కుంచె ఎక్కడికీ పోదు.

నీళ్ళు పడనివాళ్ళు కూడా ఉంటారు. లెక్కల ఉద్యోగంలో రిటైరైన ఒకాయన నా క్లాసుకి వచ్చేవారు. తడి మీద తడి వేసి రంగు తనంతట తాను పాకుతుంటే ఆయనకి ఒళ్ళు మండేది, 'ఇది నా మాట వినదండీ' అనేవారు. మూడు వారాలు చూసి, స్కేలుతో అంగుళం గళ్ళు గీయించి, గ్వాష్ రంగులు ఇచ్చాను. అది చిక్కగా, కిందిది కనపడకుండా కప్పే రంగు. గడికొక రంగు, పక్క గడికి అంటకుండా. రెండు గంటలు తల ఎత్తలేదు. మీకు వాష్ వారం తర్వాత కూడా చిరాకే తెప్పిస్తుంటే ఈ గళ్ళ పనిలోకి మారిపోండి, పట్టుబట్టి నీళ్ళతో కుస్తీ పడొద్దు. అసలు కూర్చునే ఓపికే లేని రోజున రంగు పూసిన కాగితాలు కత్తిరించుకోండి. 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్, నిలబడి వెయ్యలేని స్థితిలో, సహాయకుల చేత గ్వాష్ పూయించిన కాగితాల్ని మంచంలోంచి, చక్రాల కుర్చీలోంచి కత్తెరతో కత్తిరించి బొమ్మలు చేశాడు. ఆఖరి ఏళ్ళ పేరున్న పనులు చాలావరకు అవే.

కొన్ని చిన్న సంగతులు కలిపి చెప్పేస్తాను. ఫోను వేరే గదిలో ఉండాలి, వీడియోలు ఒక నెల బంద్. వేసినవి ఎక్కడా పోస్ట్ చెయ్యొద్దు, లైకులొచ్చినా నష్టమే, మర్నాడు లైకుల కోసం వేస్తారు. ఇరవై నిమిషాలు వెయ్యడానికి, పదిహేను ఆరడానికి, అంతకన్నా ఎక్కువ వద్దు. పడుకునే ముందు గంటలో వేసేట్టయితే ఆయిల్ పెయింట్, టర్పెంటైన్ జోలికి పోకండి, మూసిన గదిలో ఆ వాసన మంచిది కాదు. ఏ రంగైనా సరే కుంచె మొనని నోట్లో పెట్టి సన్నం చెయ్యొద్దు, కాడ్మియం లాంటి లోహాలున్న రంగులుంటాయి.

చించొద్దు. వెనక తారీఖు వేసి ఒక ఫైల్లో పడెయ్యండి, నెలదాకా తెరవకండి. బాగున్నాయని కాదు. చించడం కూడా మార్కులు వెయ్యడమే, సున్నా మార్కులు. 1960ల్లో మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ అనే మనస్తత్వవేత్త చిత్రకళ విద్యార్థుల్ని గమనిస్తూ ఒక సంగతి చూశాడు. వేస్తున్నంతసేపూ వాళ్ళకి ఆకలీ అలసటా గుర్తుండవు, పూర్తవగానే ఆ చిత్రాన్ని గోడకి ఆనించి దాని మొహం కూడా చూడరు. 'ఫ్లో' అని, అంటే పనిలో పూర్తిగా లీనమైపోవడం అని, ఆయన తర్వాత పేరు పెట్టిన ఆలోచనకి మొదలు అదే. మీరు చించినవి చెడ్డ బొమ్మలు కావొచ్చు, కానీ అవి వేస్తున్నప్పుడు మధ్యలో ఎక్కడైనా పది నిమిషాలు గడియారం మర్చిపోయారా? మర్చిపోయుంటే ఆ భాగం ఏ పనిదో గుర్తు తెచ్చుకుని నాకు రాయండి. చాలామందికి అది ఆకాశం వేసిన భాగం అవుతుంది. ఆకాశం అంటే వాషే.

ఇక నాన్నగారి బొమ్మ. ముఖం వెయ్యడంలో ఉన్నంత కనికరం లేనితనం ఇంకెక్కడా లేదు. కంటి కొస ఒక్క మిల్లీమీటరు జరిగితే అది మీ నాన్నగారు కాదు, ఆయన పోలికలున్న ఇంకెవరో. అలాంటి ముఖాన్ని మీ చేత్తో మీరే తయారుచేసి చూసుకోవడం ఇప్పుడు మీకు వద్దు. చెయ్యి తిరిగాక, రెండు మూడేళ్ళకి, అప్పటికీ కావాలనిపిస్తే వెయ్యండి. ఈలోగా ఆయన వస్తువులు వెయ్యండి, మూడు వారాల వాష్ తర్వాత. గడియారం, పెన్ను, చెప్పులు, రోజూ వాడిన ఏదైనా. వస్తువులో కాస్త వంకర పోయినా అది ఆ వస్తువులాగే ఉంటుంది. రోజూ అదే వస్తువు, అదే చోట పెట్టి.

నా దగ్గర నేర్చుకున్న ఒకామె వాళ్ళమ్మ కళ్ళజోడు పెట్టెని పందొమ్మిదిసార్లు వేసింది. మొదటివన్నీ మూసి ఉన్న పెట్టే. పన్నెండోదో పదమూడోదో తెరిచి వేసింది. ఎందుకని నేను అడగలేదు. లోపలి మఖమల్ గుడ్డ ముదురెరుపు, నీడలో ఆ రంగు ఎలా తేవాలని మాత్రం ఆమె అడిగింది. నలుపు కలపొద్దు, అలిజరిన్ క్రిమ్సన్‌లో ఇసుమంత ఆకుపచ్చ కలపమన్నాను.

మీరు ముందు పేపరు తెచ్చుకోండి. మీ డబ్బాలో ఏయే రంగులున్నాయో పేర్లు కింద రాస్తే, వాటిలో ఏ రెండు కలిపితే మంచి బూడిదరంగు వస్తుందో చెప్తాను.